సామాన్ల గది వెనక గోడ

కాలొవే ఊళ్ళో యూనియన్ డిపోకి చివరి రైలు వచ్చి నలభై ఏళ్ళయింది. ఆ నలభై ఏళ్ళలో దాన్ని ఏం చేయాలా అని తల బద్దలు కొట్టుకోని మేయరు లేడు. ఒకాయన కోర్టు చేస్తానన్నాడు. ఒకావిడ కాలేజీ అంది. మధ్యలో ఎవరో హోటలు పెట్టి, రెండేళ్ళు నడిపి, దీపాలార్పి పోయారు. పావురాలు మాత్రం ఎవర్నీ అడక్కుండా కాపురం పెట్టేశాయి. ఆఖరికి ఒక పెద్ద కంపెనీ వచ్చి, పిల్లాపాపలతో రోజంతా గడిపే వినోదశాల కడతామంది. టిక్కెట్ల హాల్లో రంగులరాట్నం, పట్టాలున్నచోట బుల్లి గోల్ఫు, గడియారం బురుజు పక్కన జెయింట్ వీలు, సామాన్ల గది ఉన్నచోట సొరచేపల అద్దాల తొట్టి. సముద్రం ఆ ఊరికి దాదాపు వెయ్యి మైళ్ళ దూరం. మాకు సొరచేప కావాలని ఎవరు ఏడ్చారో తెలియదు గాని, ఊరంతా చప్పట్లు కొట్టింది.

చప్పట్లు కొట్టనివాడు లెమ్యుయెల్ ప్రూయిట్ ఒక్కడే. ఆయనకి డెబ్బై ఏడేళ్ళు. చర్చి హాల్లో మీటింగు పెట్టి, కంపెనీ తరఫున కెల్సీ అనే పిల్ల రంగురంగుల బొమ్మలు చూపిస్తుంటే, ఆయన లేచి నిలబడ్డాడు.

“అమ్మాయ్, ఆ తొట్టి కట్టేచోట ఒక గోడుంది కదా, సామాన్ల గది వెనక. దాన్నేం చేస్తారు?”

కెల్సీ కాగితాలు తిరగేసింది. “అది తీసేస్తామండీ. తొట్టి అటు వైపుకి రావాలి.”

“దాని మీద మా నాన్నున్నాడు” అన్నాడు లెమ్యుయెల్.

హాల్లో ఎవరో నవ్వబోయి, పక్కవాళ్ళ మొహాలు చూసి ఆపుకున్నారు.

లెమ్యుయెల్ ఇరవై ఏళ్ళు ఆ స్టేషన్లో ఎర్రటోపీ పని చేశాడు. అంతకుముందు ఆయన తండ్రి ఎజ్రా ముప్పై ఏళ్ళు చేశాడు. ఎర్రటోపీలంటే సామాన్లు మోసేవాళ్ళు, అందరూ నల్లవాళ్ళే. టోపీకి ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. రైల్వే పుస్తకాల్లో వాళ్ళకి పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. ప్రయాణికులకి ఆ నంబరు కూడా అక్కర్లేదు, ‘ఏయ్ అబ్బాయ్’ అంటే సరిపోయేది. అరవై ఏళ్ళొచ్చి జుట్టు నెరిసినా అబ్బాయి అబ్బాయే. మనిషి పోతే వారం తిరక్కుండా ఆ బిళ్ళ ఇంకొకడి టోపీకి ఎక్కేది. రైల్వేకి మాత్రం ఎవడూ చచ్చినట్టే ఉండేది కాదు.

అందుకని 1912లో ఎవరో ఒక పద్ధతి మొదలుపెట్టారు. తమలో ఒకడు పోతే, మట్టిచేసిన మర్నాడు పొద్దున, మొదటి రైలు రాకముందే అందరూ సామాన్ల గది వెనక చేరేవాళ్ళు. పెట్టెల మీద గుర్తులు పెట్టే పసుపు మైనపు సుద్దతో గోడ మీద పోయినవాడి పేరు రాసేవాళ్ళు. నంబరు కాదు, అమ్మానాన్నలు పెట్టిన పూర్తి పేరు. టోపీలు తీసి ఆ పేరు ఒకసారి పైకి చదివి, మళ్ళీ టోపీలు పెట్టుకుని పనిలోకి పోయేవాళ్ళు. స్టేషను మూతపడేనాటికి గోడ మీద యాభై ఏడు పేర్లయ్యాయి.

ఎజ్రా ప్రూయిట్ 1958 ఆగస్టులో, తొమ్మిదో ప్లాట్‌ఫారం మీద, చెరో భుజాన ఒక ట్రంకు పెట్టెతో పడిపోయాడు. ఆ పెట్టెల ఆసామి వంగి తాళాలు ఊడాయేమో చూసుకున్నాడు. లెమ్యుయెల్‌కి అప్పుడు పదిహేడు. గోడ దగ్గర పెద్దవాళ్ళు సుద్ద అతని చేతికే ఇచ్చారు. బోర్లించిన పెట్టె మీద నిలబడి రాశాడు. సుద్ద మధ్యలో విరిగింది. చివరి అక్షరాలు కిందికి జారిపోయాయి. అందరూ అలాగే టోపీలు తీసి చదివారు. తర్వాత వారంలో తండ్రి బిళ్ళ, ముప్పై ఒకటి, అతని టోపీకి ఎక్కింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు రోజూ ఆ వంకర అక్షరాల ముందు నుంచే పనికి వెళ్ళాడు, రోజూ సిగ్గుపడ్డాడు.

రైళ్ళు ఆగిపోయాక లెమ్యుయెల్ సైన్‌బోర్డులు రాయడం నేర్చుకున్నాడు. పట్టుదల మనిషి, బాగానే నేర్చుకున్నాడు. ఉత్తరం వైపు పేటలో మంగలి షాపు, చేపల కొట్టు, శవపేటికల దుకాణం, ఏది చూసినా ఆయన చేతి రాతే. ఊళ్ళో అందరి పేర్లూ తిన్నగా రాశాడు, తండ్రి పేరు తప్ప.

సమాధి రాయి మీదైనా రాద్దామంటే ఆ రాయి కూడా మిగల్లేదు. ఎజ్రాని పాతిపెట్టిన నల్లవాళ్ళ శ్మశానం మీదుగా పెద్ద రోడ్డు వేశారు. దొరికిన ఎముకల్ని వేరేచోటికి మార్చామన్నారు. దొరికినవాళ్ళ జాబితాలో ఎజ్రా లేడు. ఈ భూమ్మీద ఎజ్రా ప్రూయిట్ అనే పేరు రాసి ఉన్న చోటు ఇక ఆ గోడొక్కటే.

మీటింగైన మర్నాటి నుంచి లెమ్యుయెల్ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. మేయరుకి, పేపరుకి, కంపెనీకి, ఎవరికి తోస్తే వాళ్ళకి. పద్నాలుగు ఉత్తరాలకి ఒక్క జవాబొచ్చింది. పాత కట్టడాల్ని కాపాడే రాష్ట్ర ఆఫీసు నుంచి రెనే ఫాంట్‌నో అనే ఆవిడ ఫోన్ చేసింది. గొంతు వినగానే తమలాంటి నల్లమనిషేనని ఆయనకి తెలిసిపోయింది.

“ప్రూయిట్ గారూ, ఆ పేర్లు నిజంగా అప్పటివే అయితే ఆ గోడని ఎవరూ కదపలేరు. ఆ కంపెనీకి ప్రభుత్వం పన్నులో పెద్ద రాయితీ ఇస్తోంది, పాతదాన్ని పాతదిగా ఉంచుతామన్న షరతు మీదే. నేనొచ్చి నా కళ్ళతో చూసి రాసేస్తే చాలు. సొరచేపలు ఇంకోచోటు వెతుక్కుంటాయి.”

“ఎప్పుడొస్తారమ్మా?”

“సమాధుల పండగ మర్నాడు. మంగళవారం పొద్దున పదింటికి.”

ఫోన్ పెట్టేశాక లెమ్యుయెల్ చాలాసేపు వంటింటి కుర్చీలో కూర్చుండిపోయాడు. చెల్లెలు ఓడెసా పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. చర్చిలో తెల్ల గ్లవ్స్ వేసుకుని వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే పని ఆవిడది. ఆదివారం ఎంత మెత్తగా మాట్లాడుతుందో మిగతా ఆరు రోజులూ అంత కటువుగా మాట్లాడుతుంది.

“ఏమన్నయ్యా, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావ్? ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు. నాన్నని చూడ్డానికి పెద్దాఫీసు మనిషి వస్తోంది.”

ఓడెసా గరిటె కింద పెట్టింది. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చింది. తల్లి బతికుండగా డాక్టరు వస్తాడంటే చాలు, జ్వరంతో ఉన్న పిల్లని లేపి కూర్చోబెట్టి దుప్పటి ఉతికేది. అద్దె వసూలుకి దొర వస్తాడంటే గుమ్మం మెట్లు సబ్బుతో తోమేది. ‘వాళ్ళకి మురికి కనిపించిందా, మురికి అనరు, మనల్ని అంటారు’ అనేది.

“ఆ గోడెలా ఉందో?” అంది ఓడెసా.

“నలభై ఏళ్ళ పావురాల రెట్ట. మసి.”

“అట్లా చూపిస్తామా నాన్నని?”

“పిచ్చిదానా, సమాధుల పండగ కూడానూ” అన్నాడు లెమ్యుయెల్.

మే నెల ఆఖరి సోమవారం వాళ్ళ పేటలో ప్రతి ఇంటివాళ్ళూ బకెట్లు, బ్రష్షులు పట్టుకుని శ్మశానానికి పోతారు. రాళ్ళు కడుగుతారు, సున్నం కొడతారు, వెలిసిపోయిన పేర్ల మీద మళ్ళీ రంగు దిద్దుతారు, పువ్వులు పెడతారు. పేరు వెలిసిపోయిన రాయి కనిపిస్తే, ఈ మనిషికి ఎవరూ లేరు కాబోలు అనుకుంటారు. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఏటా కొత్త శ్మశానంలో తల్లి సమాధికి రంగు వేసి, తండ్రికి వెయ్యడానికి రాయి లేక, మిగిలిన రంగు డబ్బా మూతపెట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళు. ఈ ఏడు ఆ డబ్బాకి పని దొరికింది.

శుక్రవారం లెమ్యుయెల్ స్టేషనుకి వెళ్ళాడు. అక్కడ పనులన్నీ చూసేవాడు డగ్ హార్మన్. ముప్పై ఆరేళ్ళవాడు. డెబ్బై ఏడేళ్ళ మనిషిని లెమ్ అని పిలిచేవాడు. ఆ ఊళ్ళో దాన్ని స్నేహం అంటారు.

“ఏంటి లెమ్, ఇటొచ్చావ్?”

“మంగళవారం ఆఫీసావిడ వస్తోంది కదా. గోడ చూస్తే నల్లగా ఉంది. కాస్త కడిగి, పేర్లు మళ్ళీ దిద్దుదామని.”

డగ్ కాఫీ కప్పు కింద పెట్టాడు. “దిద్దుతావా? అంటే, రంగేసి?”

“శుభ్రంగా తోమి, తెల్ల సున్నం కొట్టి, నల్ల ఎనామిల్‌తో రాస్తా. నా పని చూసే ఉంటావ్. నాలుగో వీధిలో చేపల కొట్టు బోర్డు నాదే.”

“చూశా, చూశా. మంచి చెయ్యి నీది.” డగ్ కిటికీలోంచి ఒక క్షణం బయటికి చూశాడు. తర్వాత లేచి తాళంచెవి తీశాడు. “ఇదిగో. నిచ్చెన కావాలా? లైట్లు కూడా పెట్టిస్తా. సున్నం నువ్వేం కొనకు, మా దగ్గర డబ్బాలకి డబ్బాలున్నాయ్. ఇనప బ్రష్షులు కూడా తీసుకో, మసి బాగా ఊడుతుంది.”

“చాలా థాంక్స్ బాబూ.”

“దాందేముంది. ఒక్క సంతకం చెయ్ ఇక్కడ. ఏ పని మీద వచ్చావో కూడా రాయి, ఇన్సూరెన్సువాళ్ళు అడుగుతారు.”

వచ్చేపోయేవాళ్ళ పుస్తకంలో లెమ్యుయెల్ తన గుండ్రటి అక్షరాలతో రాశాడు: ‘గోడ శుభ్రం చేసి పేర్లు కొత్తగా రాయడానికి.’ కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాడు. ఇంటికొచ్చి, ఆ కంపెనీలో మనిషన్నవాడు ఒకడున్నాడని చెల్లెలితో చెప్పాడు.

“అడక్కుండా వడ్డించేవాడి చేతి కూడు చూసుకుని తినాలనేది అమ్మ” అంది ఓడెసా.

“నీకు దేవుడు కనిపించినా జేబులు తడుముతావ్.”

“దేవుడు నిన్ను లెమ్ అని పిలవడుగా!”

శనివారం పొద్దున్నే ఇద్దరూ పనిలోకి దిగారు. సోడా నీళ్ళు పెట్టి రుద్దుతుంటే మసి చారలు చారలుగా దిగి, దాని కింద పసుపు అక్షరాలు బయటపడ్డాయి. ఒక్కో పేరుది ఒక్కో చెయ్యి. ఒకరివి పెద్ద పెద్ద అక్షరాలు, ఒకరివి చీమల బారు. ఒక పేరు పక్కన చిన్న చేప బొమ్మ కూడా ఉంది. ఆయన వేటకి పోయేవాడని లెమ్యుయెల్‌కి గుర్తే. మసితోపాటే సుద్ద కూడా చెదిరిపోతోంది. అందుకని తుడిచేముందు లెమ్యుయెల్ ఒక్కో పేరూ పైకి చదివాడు, ఓడెసా చర్చి నోటుపుస్తకంలో రాసుకుంది. చదివాక ఆయన ఇనప బ్రష్షు పెట్టి ఇటుక కనిపించేదాకా తోమాడు. చేసేపని సగం సగం చేసే మనిషి కాదు.

అలా తోముకుంటూ తండ్రి దగ్గరికొచ్చి ఆగాడు. పదిహేడేళ్ళప్పటి తన అక్షరాలు. సుద్ద విరిగినచోట మచ్చ కూడా అలాగే ఉంది.

“ఇదొక్కటీ ఉంచెయ్యి అన్నయ్యా” అంది ఓడెసా. “నీ చిన్నప్పటి చెయ్యి. అప్పుడు నేను బయట నిలబడి ఏడుస్తున్నా.”

“అరవై ఏళ్ళు మోశాను ఈ వంకర రాత. తాగినవాడి నడకలా ఉంది. నాన్న చుక్క ముట్టనివాడు.”

“అయినా...”

“పెద్దమనుషులొస్తున్నారు ఓడెసా.”

ఆవిడ నోటుపుస్తకంలో ఆ పేరు రాసుకుంది. ఆయన తడి గుడ్డతో మెల్లగా, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచాడు. తర్వాత బ్రష్షు అందుకున్నాడు.

ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చి సున్నం కొట్టారు. సోమవారం, ఊరంతా శ్మశానాల్లో ఉన్న రోజున, లెమ్యుయెల్ పొద్దున్నుంచీ నిచ్చెన మీదే ఉన్నాడు. చెల్లెలు పేరు చదివింది, ఆయన రాశాడు. యాభై ఏడు పేర్లు, దారం పట్టి గీసినట్టు. ఆఖరున తండ్రి పేరు రాసి, దాని చుట్టూ మాత్రం సన్నగా బంగారు గీత తీశాడు. దిగి దూరంగా వచ్చి నిలబడ్డాడు. నడుం ఇంకా నిటారు కాలేదు. పేరు మాత్రం నిటారుగా నిలబడింది.

ఇద్దరూ గోడ కింద పువ్వులు పెట్టారు. ఓడెసా ముక్కు చీదుకుని, “ఇప్పుడు పెద్దమనిషిలా ఉన్నాడు” అంది. ఆ రోజు లెమ్యుయెల్‌కి తన జన్మలో ఒక పని పూర్తయినట్టు అనిపించింది. అంత సంతోషం ఆయన అంతకుముందు ఎరగడు.

మంగళవారం నల్ల సూటు వేసుకుని, పెట్టె అడుగున దాచిన ఎర్రటోపీ తీసి పెట్టుకున్నాడు. ఇత్తడి బిళ్ళని చింతపండులాంటి పులుసేదో పెట్టి తళతళలాడేలా తోమింది ఓడెసా. ఇద్దరూ వెళ్ళేసరికి స్టేషను గుమ్మంలో కెల్సీ ఆయన్ని చూసి చేతులు చరిచింది.

“అయ్యో, ఎంత ముద్దుగా ఉందో! టోపీతో ఒక ఫోటో తీసుకోనా? ఆ నంబరు ఏంటండీ?”

“ముప్పై ఒకటి. మొదట మా నాన్నది, తర్వాత నాది.” ఆయన నిటారుగా నిలబడి ఫోటో తీయించుకున్నాడు.

పదింటికి రెనే ఫాంట్‌నో వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, చేతిలో టార్చిలైటు, భుజాన కెమెరా. ఆయన రెండు చేతులూ పట్టుకుని, “మీ ఉత్తరం మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించానండీ” అంది. డగ్ కూడా వెనకే వచ్చాడు. లెమ్యుయెల్ ముందు నడిచి, సామాన్ల గది వెనక తలుపు తీసి, టోపీ తీసి పక్కకి తప్పుకున్నాడు.

రెనే లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయింది. టార్చి వెలిగించనే లేదు. వెలిగించాల్సిన అవసరం లేనంత తెల్లగా ఉంది గోడ.

“ఇది... ఎప్పుడు రాశారండీ?”

“పన్నెండో సంవత్సరం నుంచీ తల్లీ. మొదటి పేరు అదిగో ఆ పైన...”

“కాదండీ. ఈ రంగు.”

“నిన్నే” అన్నాడు లెమ్యుయెల్ సంతోషంగా. “తాకకండి, ఇంకా పచ్చిగానే ఉంటుంది.”

రెనే గోడ దగ్గరికి వెళ్ళింది. మూలలు చూసింది, నేల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూసింది, పైపు వెనక వేలు పెట్టి తడిమింది. వేలికి సున్నం అంటింది. “కిందున్నవి? పాత సుద్ద?”

“ఇటుక దాకా తోమేశానమ్మా. ఒక్క మరక మిగల్లేదు.”

ఆ మాట ఆయన గర్వంగానే అన్నాడు. రెనే బోర్లించిన సున్నం డబ్బా మీద కూలబడింది. అప్పుడు డగ్, ఎవరూ అడక్కుండానే, సంకలోంచి వచ్చేపోయేవాళ్ళ పుస్తకం తీసి ఆవిడ ముందు తెరిచి పట్టుకున్నాడు. “మేం పెద్దాయనకి అన్ని విధాలా సహకరించామండీ. ఆయన ఏ పని మీద వచ్చారో ఆయన చేత్తోనే రాశారు, చూడండి.” పెద్దాయన అనడం అదే మొదలు.

లెమ్యుయెల్ ఆ పుస్తకం చూశాడు, డగ్‌ని చూశాడు. ఇంకా అర్థం కాలేదు. అర్థమైంది ఓడెసాకి.

“ఏమైందమ్మా?” అంది ఆవిడ. ఆదివారం గొంతు కాదు.

“మురికేనండీ సాక్ష్యం” అంది రెనే. “ఆ సుద్ద, ఆ మసి, ఒక్కొక్కరి చేతి రాత. అవుంటేనే అది పాతదని నేను రాయగలను. ఇది నిన్నటి గోడ. నేను ఒక్క మాట చెప్పాల్సింది, ముట్టుకోవద్దని. ఎవరైనా ముట్టుకుంటారని నాకు తోచలేదు.”

“అంటే దుమ్ముకున్న విలువ మా నాన్న పేరుకి లేదా?” అంది ఓడెసా.

“నాకు తెలుసండీ. మా అమ్మమ్మా ఇంతే. నిన్న నేనూ ఊళ్ళో రాళ్ళకి రంగేసే వచ్చాను.” రెనే చేతులు చూపించింది. గోళ్ళ సందుల్లో ఇంకా నల్ల రంగు ఉంది. “అయినా నేను చూసిందే రాయాలి.”

మంచికి పోతే చెడు ఎదురవుతుందంటారు. లెమ్యుయెల్‌కి ఎదురవలేదు. తన చేత్తోనే నిచ్చెన వేసి, తన చేత్తోనే ఆ చెడుని పైకి ఎక్కించుకున్నాడు. తడి గుడ్డతో ఏం తుడిచాడో అప్పుడు అర్థమైంది. ఆయన గోడ వైపు తిరిగి, బంగారు గీతలో నిటారుగా నిలబడ్డ తండ్రి పేరు చూశాడు. అరవై ఏళ్ళలో మొదటిసారి, ఆ వంకర అక్షరాలు కావాలనిపించింది.

మరుసటి నెల నగర సంఘంలో విచారణ జరిగింది. రెనే కాగితం చదివేటప్పుడు తల ఎత్తలేదు. గోడ మీద ఉన్నది కొత్త రాత అని, కాపాడదగ్గ పాత గుర్తులేమీ లేవని రాసింది. కంపెనీ లాయరు చాలా మర్యాదస్తుడు. ఎర్రటోపీల సేవకి గుర్తుగా ఒక ఇత్తడి పలక పెడతామన్నాడు. ఓడెసా లేచి చర్చి నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది.

“యాభై ఏడు పేర్లూ ఇందులో ఉన్నాయి. ఆ పలక మీద ఇవి చెక్కించండి.”

లాయరు రెండు పేజీలు తిరగేసి, పుస్తకాన్ని జాగ్రత్తగా వెనక్కి తోశాడు. “వీటికి ఆధారం ఉండాలి కదమ్మా. రైల్వే రికార్డులు తెప్పించాం. వాటిలో పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి.”

“అందుకే కదయ్యా గోడ మీద రాసుకుంది!”

“ఆ గోడ కొత్తదని ఇప్పుడే తేలిందండీ” అన్నాడు లాయరు.

చెయ్యి కాల్చుకున్నవాణ్ణే నిప్పెక్కడుందో చూపించమన్నట్టుంది న్యాయం. లెమ్యుయెల్ చెల్లెలి మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ఆవిడ దారంతా తిడుతూనే ఉంది. డగ్‌ని, లాయరుని, రెనేని, సొరచేపల్ని, ఎవర్నీ వదల్లేదు. అన్నని మాత్రం ఒక్క మాట అనలేదు. ఆవిడ ఒక్క మాటైనా అని ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేది. ఆగస్టులో గోడ పడగొట్టారు. ఎజ్రా పోయింది కూడా ఆ నెలలోనే.

మరుసటి వేసవికి వినోదశాల తెరిచారు. ప్రూయిట్ కుటుంబానికి జీవితాంతం ఉచిత ప్రవేశం అని కంపెనీ కార్డు పంపింది. లెమ్యుయెల్ దాన్ని ఆరు వారాలు బల్ల సొరుగులో పడేసి ఉంచాడు. ఒక శనివారం తనే తీసి జేబులో పెట్టుకున్నాడు.

“ఎందుకన్నయ్యా? పుండు గోక్కోవడానికా?” అంది ఓడెసా, టోపీ పిన్నులు పెట్టుకుంటూనే.

“పలక చూసొద్దాం.”

పలక మరుగుదొడ్లకి వెళ్ళే దారిలో ఉంది. ‘ఈ స్టేషనులో నవ్వుతూ సేవ చేసిన ఎర్రటోపీలందరికీ’ అని రాసి ఉంది. పేర్లేవీ లేవు. “నవ్వుతూనట” అంది ఓడెసా. సామాన్ల గది ఉన్నచోట నీలం వెలుతురు, అద్దం వెనక సొరచేపలు నోళ్ళు తెరుచుకుని అటూ ఇటూ తిరుగుతున్నాయి. పిల్లలు అద్దానికి చేతులు ఆనించి అరుస్తున్నారు. లెమ్యుయెల్ అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, గోడ ఉండాల్సినచోట నిలబడ్డాడు. అక్కడ పాప్‌కార్న్ బండి ఉంది.

అప్పుడే పిల్లలు ఒక్కసారిగా గోల చేస్తూ అటు పరిగెత్తారు. మనిషంత ఎత్తు ఎలుగుబంటి వేషం ఒకటి, బొచ్చు చేతులు ఊపుకుంటూ వస్తోంది. నెత్తిన ఎర్రటోపీ. టోపీకి పళ్ళెమంత ఇత్తడి రంగు బిళ్ళ. బిళ్ళ మీద ముప్పై ఒకటి.

“ముప్పై ఒకటీ! ముప్పై ఒకటీ! నా బ్యాగు, నా బ్యాగు!” పిల్లలు తమ బుల్లి సంచులు దాని చేతుల్లోకి విసురుతున్నారు. అది రెండు భుజాల మీదా వేసుకుని, బరువుకి కూలిపోతున్నట్టు మోకాళ్ళు వంచి తూలుతోంది. తూలినప్పుడల్లా పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు.

పక్కనే టిక్కెట్లు చూసే అమ్మాయి నవ్వుతూ నిలబడి ఉంది. లెమ్యుయెల్ ఆమెని అడిగాడు. “దీని పేరేంటమ్మా?”

“పేరేం లేదు తాతగారూ. నంబరే. పిల్లలకి అదే ఇష్టం.”

ఎలుగుబంటి వాళ్ళ ముందుకొచ్చి ఆగింది. పెద్దవాళ్ళతో కూడా ఆట ఆడించాలని దానికి చెప్పి ఉంటారు. వంగి సలాము చేసి, ఓడెసా చేతిసంచి కోసం బొచ్చు చెయ్యి చాచింది. ఓడెసా సంచిని రెండు చేతులతో గుండెకి అదుముకుంది.  నోట్లోంచి ఏం తిట్టు వస్తుందో ఆవిడకే తెలియదు.

లెమ్యుయెల్ తన టోపీ తీశాడు. అరవై ఏళ్ళ కిందట గోడ ముందు తీసినట్టే తీసి, గుండె దగ్గర పట్టుకున్నాడు.

“ఇవ్వు ఓడెసా” అన్నాడు. “నాన్న డ్యూటీలో ఉన్నాడు.”

ఆ ముక్క అని నవ్వుతాడేమోనని ఆవిడ అన్న మొహంలోకి చూసింది. ఆయన నవ్వలేదు. ఆవిడ సంచి ఇచ్చేసింది.